గడప దాటిన కుక్కపిల్ల

తెలుగులో తొలి కావ్యం మొదట్లోనే ఒక కుక్కపిల్ల దెబ్బలు తింటుంది. 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో నన్నయ మొదలుపెట్టిన భారతంలో, జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి సారమేయుడనే కుక్కపిల్ల ఆడుకుంటూ వస్తుంది. రాజుగారి తమ్ముళ్లు దాన్ని చావగొడతారు. అది ఏడుస్తూ తల్లి సరమ దగ్గరికి పరుగెడుతుంది. సరమ ఊరుకునే రకం కాదు. తిన్నగా రాజు ముందుకే వచ్చి, ఏ తప్పూ చేయని పిల్లను కొట్టినందుకు అనుకోని ఆపదలు వచ్చి పడతాయని చెప్పి మరీ పోతుంది. రాజు గుండెల్లో రాయి పడి, శాంతి చేయించగల పురోహితుడి కోసం వెతుకులాట మొదలుపెడతాడు.

కాబట్టి కుక్కపిల్ల మీద జాలి మనకు కొత్తేమీ కాదు. దాన్ని ఇంట్లోకి రానివ్వడమే కొత్త.

పల్లెల్లో భాద్రపదం కుక్కల నెల. చూలు రెండు నెలలే గనక, కార్తీక మార్గశిరాల నాటికి గడ్డివాముల కింద పిల్లలు కళ్లు తెరుస్తాయి. బొద్దుగా ఉన్నదాన్ని ఒకదాన్ని ఎంచుకుని, చొక్కాలో దాచుకుని, బడి పిల్లలు ఇంటికి తెచ్చేవారు. ఇక ఇంటి ఏర్పాట్లంటారా, కొట్టంలో ఓ మూల పాత గోనెసంచి, కొబ్బరి చిప్పలో కాసిని పాలు, మెడకో తాడు. అమ్మ ముందు కేకలేస్తుంది. మర్నాటి నుంచి చద్దన్నం పెట్టేది ఆవిడే. ఆ పిల్ల పెరిగి పెద్దదై ఇంటిల్లిపాదికీ కాపలా కాసినా దాని హద్దు అరుగు దాకానే. గడప లోపల మూతి పెడితే చీపురు తిరగేసేవారు.

మడి వల్ల అంటారు. అది సగం మాటే. మడి ఊసే లేని ఇళ్లలో కూడా కుక్క ఆరుబయటే పడుకుంది. అసలు భయం దాని పంటితో. పిచ్చికుక్క కరిచి, జబ్బు పైకి తేలి, మనిషి నీళ్లు చూసి జడుసుకునే దశకు వచ్చాక బతికి బట్టకట్టేవాడు లేడు. పసరు పోసినా, మంత్రం వేసినా అంతే. ఏ కుక్కకు ఎప్పుడు పిచ్చెక్కుతుందో తెలియని కాలంలో, చంటిబిడ్డ పడుకునే గదిలోకి దాన్ని రానివ్వకపోవడం చాదస్తమేమీ కాదు.

ఆ భయానికి మందు 1885లో దొరికింది. పారిస్‌లో లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కు టీకా ఇచ్చి బతికించాడు. మన దేశంలో 1900లో హిమాలయాల అంచున కసౌలీలో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ వెలిసింది. దక్షిణాదివాళ్లకు అది దేశానికి అవతలి కొస. 1902లో లిల్లీ పాకెన్‌హామ్ వాల్ష్ అనే యువతి ఇక్కడ వైద్యం అందక ఈ జబ్బుతోనే చనిపోయింది. ఆ విషాదమే కారణంగా, అమెరికా దాత హెన్రీ ఫిప్స్ సొమ్ము తోడై, 1907లో నీలగిరుల్లోని కూనూరులో మరో సంస్థ మొదలైంది. సర్కారు జిల్లాలూ రాయలసీమా అప్పట్లో మద్రాసు రాజధానిలోవే. అక్కడివాళ్లకు కసౌలీకన్నా కూనూరే దగ్గర.

1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ జంతువు మెదడు నుంచి తయారుచేసిన టీకాతో మందే ఊళ్లకు రావడం మొదలైంది. తెలుగు ఇళ్లలో దాని పేరు సెంపుల్ టీకా కాదు, ‘బొడ్డు చుట్టూ పద్నాలుగు’. రోజుకొకటి చొప్పున పొట్టలో పొడిచేవారు. నిన్న పొడిచిన చోట వాపు తగ్గక ముందే ఇవాళ్టికి ఇంకో చోటు వెతకాలి. కొద్దిమందికి పక్షవాతం కూడా వచ్చేది. వీధికుక్కతో ఆడే పిల్లవాణ్ణి ఇంట్లోకి లాక్కురావడానికి ఈ లెక్కొక్కటి చెబితే చాలేది! 2005 నాటికి మన దేశంలో ఆ మందు తయారీ ఆగిపోయింది. ఇప్పుడిచ్చేవి నాలుగైదు సూదులు, అదీ చేతికి.

ఈలోగా దొరల బంగళాల్లో సీమకుక్కలు దిగాయి. వాటి పేర్లు వాటికన్నా ముందే జనంలోకి పోయాయి. గోనెసంచి మీద పడుకునే నాటు పిల్ల కూడా టామీ, టైగర్ అయింది. చాలా మధ్యతరగతి ఇళ్లలోకి వచ్చిన మొదటి సీమకుక్క అయితే గ్రామఫోను రికార్డు మీది బొమ్మే. ఫ్రాన్సిస్ బారో అనే చిత్రకారుడి దగ్గర గ్రామఫోను కంపెనీ 1899లో కొన్న ఆ బొమ్మలోని నిప్పర్ కరవదు, మొరగదు, మడికి అడ్డం రాదు.

తెలుగు మాట్లాడేవాళ్లు పెంచి పేరు తెచ్చిన జాతికుక్క కూడా ఒకటుంది. విజయనగర కాలంలో తమిళదేశానికి వలసపోయిన తెలుగు రాజు కులస్థుల ఊరు రాజపాళయం. ఆ ఊరి పేరు మోస్తున్న తెల్లటి వేటకుక్క 2005లో తపాలా బిళ్ల ఎక్కింది. ఫ్లాట్ల వాళ్లు మాత్రం 2003 నాటి హచ్ ఫోన్ కంపెనీ ప్రకటనలో చూసి పగ్ కోసం ఎగబడ్డారు. ముక్కు చప్పిడిగా ఉండి ఊపిరికే అవస్థపడే ఆ కుక్కను బెజవాడ ఎండల్లో పెంచాలనుకోవడం సాహసమే, పాపం దానికి.

ఇప్పుడు పిల్లను తేవాలంటే ఇల్లే సర్దుకోవాలి. చెప్పులు అటక ఎక్కుతాయి, ఛార్జర్ తీగలు ముడి పడతాయి, బాల్కనీ ఊచలకు వల వస్తుంది, నేలంతా పాత పేపర్లు పరుచుకుంటాయి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలు. దానితోపాటు వచ్చే చిన్న పుస్తకంలో టీకా స్టిక్కర్లు అంటించి ఉంటాయి. రేబిస్ గడి మూడో నెల దాకా ఖాళీ. 1978లో లోకానికి తెలిసివచ్చిన పార్వో వైరస్ పుణ్యమా అని డాక్టరు ఇంకో మాట కూడా చెబుతాడు: సూదులన్నీ పూర్తయ్యేదాకా దీన్ని గడప దాటి వీధిలోకి పోనివ్వొద్దు.