గనిలోని గాలి, ఇంటిలోని గాలి

కోలారు బంగారు గనుల్లో దిగిన తాతలున్న ఇళ్ళు మన శ్రోతల్లో చాలానే ఉంటాయి. ఆ గనులు 2001లో మూతపడ్డాయి. గనివాడి దగ్గు ఎలా ఉంటుందో ఆ ఇళ్ళవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. రాతిధూళి తెచ్చిపెట్టే సిలికోసిస్ గురించి అందరూ విన్నదే. ఈ వేళ చెప్పబోయేది కంటికి కనిపించని మరో కారణం గురించి.

జర్మనీలోని సాక్సనీ, దాని పక్కనున్న బొహీమియా, ఈ రెంటి మధ్య సరిహద్దు కొండలున్నాయి. అటువైపు యోఆఖిమ్‌స్టాల్, ఇటువైపు ష్నీబర్గ్, రెండూ వెండి గనుల ఊళ్ళు. (డాలర్ అన్న మాట కూడా యోఆఖిమ్‌స్టాల్ వెండి నాణెం 'థాలర్' నుంచి వచ్చిందే!) అక్కడ వైద్యుడుగా పనిచేసిన అగ్రికోలా రాసిన గనుల గ్రంథం 1556లో అచ్చయింది. కార్పేథియన్ కొండల గనుల దగ్గర ఏడుగురేసి భర్తలను పోగొట్టుకున్న ఆడవాళ్ళున్నారని అందులో రాశాడు. భర్తలందరినీ మింగింది ఊపిరితిత్తుల జబ్బే. ఆ రోజుల్లో దాన్ని క్షయ అనుకున్నారు, ధూళి అన్నారు. కొండదయ్యాల పని అన్నవాళ్ళూ ఉన్నారు.

1879లో హార్టింగ్, హెస్సే అనే ఇద్దరు వైద్యులు ష్నీబర్గ్‌లో శవపరీక్షలు చేసి, అది ఊపిరితిత్తుల్లో పుట్టే పుట్టకురుపని తేల్చారు. కారణం మాత్రం వారికి అంతుపట్టలేదు. పాషాణం మీద అనుమానపడ్డారు. వారిని తప్పుపట్టలేం. అసలు దోషి పేరు అప్పటికి లోకానికే తెలియదు మరి! 1898లో క్యూరీ దంపతులు రేడియాన్ని కనుక్కున్నది ఆ యోఆఖిమ్‌స్టాల్ గని నల్లరాతిలోనే. 1900లో డోర్న్ అనే శాస్త్రజ్ఞుడు రేడియం నుంచి ఒక వాయువు వెలువడుతోందని గమనించాడు. అదే రేడాన్. రంగు లేదు, వాసన లేదు.

ఈ వాయువును పీల్చి వదిలేస్తే పెద్ద చిక్కు లేదు. అది విచ్ఛిన్నమైనప్పుడు పుట్టే పొలోనియం వంటి రేణువులు ఊపిరితిత్తులకు అంటుకుని లోపలినుంచి కాలుస్తాయి. ఈ సంగతి 1951 నాటికి గాని స్పష్టపడలేదు.

ఇది గనివాళ్ళ గొడవే అనుకుంటూండగా, 1984 డిసెంబరులో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక వింత జరిగింది. ఇంకా విద్యుత్తు ఉత్పత్తి మొదలుపెట్టని లిమెరిక్ అణు కేంద్రంలో ఒక ఇంజనీరు అడుగుపెట్టగానే రేడియేషన్ గంట మోగింది. మోగడానికి కారణం అతను ఇంటినుంచి తెచ్చుకున్నదే! ఇంట్లో గాలిని పరీక్షిస్తే, అమెరికా ఆ తరువాత పెట్టుకున్న హద్దుకు ఆరువందల రెట్లకు పైగా రేడాన్ ఉంది. ఇంటి కింది నేలలోని యురేనియం రాతినుంచి అది పగుళ్ళగుండా లోపలికి ఎక్కుతోంది. నేల కింది గాలిని గొట్టాలతో బయటికి తోడేశాక, కొన్ని నెలలకు ఆ కుటుంబం మళ్ళీ ఆ ఇంటికే వచ్చి చేరింది.

మన కోలారు, చిత్తూరు వైపు కూడా గ్రానైటు కొండలే గదా అని మీరు అడగవచ్చు. నిజమే, గ్రానైటులో కొద్దిపాటి యురేనియం మామూలే. తలుపులు, కిటికీలు బార్లా తీసిన పాత ఇళ్ళలో రేడాన్ నిలవదు. ఏసీ కోసం బిగించిన గదులు, నేలమాళిగలు వేరు సంగతి. అక్కడ రోజూ కాసేపు గాలి ఆడనివ్వండి, నేల పగుళ్ళు పూడ్పించండి. ఇంట్లో బీడీ, సిగరెట్టు తాగేవాళ్ళుంటే మరీ జాగ్రత్త. పొగతాగేవారికి రేడాన్ వల్ల కలిగే ముప్పు తాగనివారికంటే సుమారు 25 రెట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. సెలవు.