హైస్కూలు పిల్లల రెజ్యూమె: ఏం రాయాలి, ఎవరు రాయాలి?

ఎం.ఎస్. చెయ్యడానికి అమెరికా వచ్చిన కొత్తలో నేను రాసుకున్న మొదటి రెజ్యూమెలో మా నాన్నగారి పేరు, నా పుట్టిన తేదీ, పెళ్ళి కాలేదన్న సంగతి, చివర "పై వివరాలన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను" అన్న వాక్యం, దాని కింద సంతకం కూడా ఉన్నాయి! యూనివర్సిటీ కెరీర్ సెంటర్లో ఒకావిడ అవన్నీ పెన్సిలుతో కొట్టేసి, "ఇందులో నువ్వేం చేశావో ఎక్కడుంది?" అని అడిగింది.

ఆ ప్రశ్నే ఈమధ్య మా అక్క కూతుర్ని నేను అడగాల్సి వచ్చింది. తను టెన్త్ గ్రేడు చదువుతోంది. వేసవిలో లైబ్రరీలో వాలంటీరుగా చేరడానికి రెజ్యూమె అడిగితే, మా బావగారే కూర్చుని మూడు పేజీలు తయారుచేశారు. "రోబోటిక్స్ క్లబ్బులో నువ్వేం చేశావమ్మా?" అన్నాను. "రెండు మీటింగులకి వెళ్ళాను మామయ్యా" అంది మెల్లగా. రెండేళ్ళుగా ప్రతి ఆదివారం మన తెలుగు బడిలో చిన్నపిల్లలకి అక్షరాలు దిద్దిస్తున్న సంగతి మాత్రం అందులో ఎక్కడా లేదు. "అది మనవాళ్ళ దగ్గరే కదా, లెక్కలోకి రాదనుకున్నాం" అన్నారు బావగారు.

మనలో చాలామంది ఇళ్ళలో జరిగేది ఇదే కాబట్టి, నాకు తెలిసిన నాలుగు మాటలు ఇక్కడ రాస్తున్నాను.

ఎందుకు కావాలి?

పార్ట్‌టైమ్ ఉద్యోగానికి, వేసవి ప్రోగ్రాములకి, స్కాలర్‌షిప్పులకి రెజ్యూమె అడుగుతారు. సిఫారసు ఉత్తరం రాసే టీచరుకి ఒక కాపీ ఇస్తే ఆయన పని సులువవుతుంది. కాలేజీలకి వాడే కామన్ యాప్‌లో 10 యాక్టివిటీల దాకా రాయొచ్చు. ఒక్కోదాని వివరణకి 150 అక్షరాలే చోటు. వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అన్నది కూడా చెప్పాలి. నైన్త్ గ్రేడు నుంచే తేదీలు, గంటలు ఒక ఫైల్లో రాసుకుంటూ ఉంటే ట్వెల్త్‌లో తడుముకోనక్కర్లేదు.

ఏం రాయాలి?

ఒక్క పేజీ చాలు. పైన పేరు, ఊరు, ఫోను, పిల్లల సొంత ఈమెయిలు. పుట్టిన తేదీ, ఫోటో, సోషల్ సెక్యూరిటీ నంబరు, తల్లిదండ్రుల ఉద్యోగాలు వద్దు. తర్వాత స్కూలు పేరు, గ్రాడ్యుయేట్ అయ్యే సంవత్సరం, జీపీఏ (వెయిటెడ్ అయితే ఆ మాట రాయాలి), తీసుకున్న ఏపీ, ఆనర్స్ కోర్సులు. ఆపైన చేసిన పనులు, కొత్తవి ముందు. చివర నైపుణ్యాలు. తెలుగు మాట్లాడటం వచ్చి చదవడం రాకపోతే అలాగే రాయాలి.

"తెలుగు బడిలో సహాయం చేశాను" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. "12 మంది పిల్లలకి వారానికి 2 గంటల చొప్పున, ఏడాదికి 30 వారాలు అక్షరాలు నేర్పాను, అభ్యాసపత్రాలు నేనే తయారుచేశాను" అంటే బొమ్మ కడుతుంది. చేసిన పని, దాని లెక్క, దానివల్ల జరిగింది... ఈ మూడూ ఉంటే చాలు.

ఇంటిపని కూడా పనే. తమ్ముణ్ణి రోజూ బడి నుంచి తీసుకురావడం, అమ్మమ్మని ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు డాక్టరు మాట తెలుగులో చెప్పడం లాంటివి దాచక్కర్లేదు. కామన్ యాప్‌లో కుటుంబ బాధ్యతలకి విడిగా ఒక విభాగమే ఉంది.

జీతం తీసుకునే ఉద్యోగాల సంగతి

వ్యవసాయేతర ఉద్యోగాలు చాలావాటికి ఫెడరల్ చట్టం ప్రకారం కనీస వయసు 14. చాలా రాష్ట్రాల్లో వర్క్ పర్మిట్ కూడా కావాలి. హెచ్-4 మీద ఉన్న పిల్లలు జీతానికి పనిచెయ్యకూడదు. లాభాపేక్ష లేని సంస్థల్లో స్వచ్ఛంద సేవ వేరే సంగతి. కంపెనీలో జీతం లేని ఇంటర్న్‌షిప్ అయితే మాత్రం ముందు లాయరుని అడగండి. ఉద్యోగం చెయ్యలేదని పిల్లలు చిన్నబుచ్చుకోనక్కర్లేదు, సేవని కూడా అనుభవం కిందే రాసుకోవచ్చు.

ఎవరు రాయాలి?

పిల్లలే రాయాలి! మనం తప్పులు దిద్దుదాం, అంతే. నేను పెట్టే పరీక్ష ఒకటుంది. ఏ వాక్యం మీద వేలు పెట్టి అడిగినా పిల్లలు రెండు నిమిషాలు తడబడకుండా చెప్పగలగాలి. చెప్పలేనిది తీసెయ్యాలి. లేనిది చేర్చితే ఇంటర్వ్యూలో దొరికిపోవడం ఒక్కటే కాదు ఇబ్బంది. నువ్వు చేసింది చాలదని మనమే పిల్లలకి చెప్పినట్టవుతుంది.

మా మేనకోడలు ఆ మూడు పేజీలు పక్కనపెట్టి, ఒక సాయంత్రం కూర్చుని ఒక్క పేజీ తనే రాసుకుంది. మొదటి అనుభవంగా తెలుగు బడినే పెట్టింది. లైబ్రరీలో ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న దాని గురించేనట. "పదిహేను నిమిషాలు నేనే మాట్లాడాను మామయ్యా" అని ఫోన్లో చెప్పింది. ఇప్పుడు తను అక్కడ శనివారాలు చిన్నపిల్లలకి కథలు చదివి వినిపిస్తోంది. ఆ సంగతి రెజ్యూమెలో తనే చేర్చుకుంది.