నడవమని చెప్పే మెసేజ్, నడకకు పిలిచే మనిషి: వాట్‌గంజ్ నుంచి ఒక చరిత్ర పాఠం

ఈ వారం వ్యాసం మన ఇంట్లోంచే మొదలుపెడుతున్నాను. నాన్న ఉద్యోగం వల్ల మేము కోల్‌కతాలో, ఓడరేవు పక్కనున్న వాట్‌గంజ్‌లో ఉంటున్నాం. పోయినేడు అమ్మకి షుగర్ హద్దు దగ్గర ఉందని తేలింది. రోజూ అరగంట నడవమన్నారు డాక్టరుగారు. నేను ఇంజనీరింగ్ చదివినవాణ్ణి కదా, వెంటనే ఫోన్‌లో పరిష్కారం వెతికాను. అడుగులు లెక్కపెట్టే యాప్ పెట్టాను, బంధువుల వాట్సాప్ గ్రూపులో చేర్చాను, ఉదయం ఆరింటికి మెసేజ్ వచ్చేలా చూశాను. రెండు నెలలు గడిచినా అమ్మ నడవలేదు. అడిగితే, "చదివానురా, బాగానే రాశారు. మరి ఎక్కడ నడవను? లారీల మధ్యనా? ఆరింటికి నేను బయటికి పోతే మీ నాన్న క్యారియర్ ఎవరు కడతారు?" అంది.

ఆ మాట విన్నాక ఆధునిక భారత చరిత్ర నోట్సు మళ్ళీ తిరగేశాను. ఆడవాళ్ళను శరీరశ్రమకు, ఆటలకు, కసరత్తుకు పిలిచిన ప్రయత్నాలు ఇదే నగరంలో నూరేళ్ళకు పైగా జరిగాయి. ఏది పనిచేసింది, ఏది చేయలేదు, ఎందుకు? ఈ వ్యాసం దాని గురించే. పరీక్షలో చరిత్రకూ, సామాజిక అంశాలకూ రెండింటికీ పనికొస్తుంది.

ముందుగా సమస్య ఎంత పెద్దది

పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 2024లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం ప్రకారం, 2022 నాటికి భారతదేశంలో పెద్దవాళ్ళలో దాదాపు సగం మంది ఆ మాత్రం శ్రమ చేయడం లేదు. పురుషుల్లో ఇది 42 శాతం, మహిళల్లో 57 శాతం. ఇంటిపనంతా మోసే ఆడవాళ్ళకు శ్రమ తక్కువా అని అనుమానం రావచ్చు. ఇంటిపని అలసటనిస్తుంది కానీ, గుండెకూ కండరాలకూ కావలసిన వేగంతో వరుసగా అరగంట సాగే శ్రమ అందులో తక్కువే. పైగా ఆ పని వల్లే తనకంటూ అరగంట మిగలదు.

పత్రికే సోషల్ మీడియా అయిన రోజులు

వాట్‌గంజ్ అనే పేరు ఈస్టిండియా కంపెనీ ఇంజనీరు హెన్రీ వాట్సన్ మీద వచ్చింది. 18వ శతాబ్దం చివర ఆయన ఇక్కడ ఓడల కార్ఖానా పెట్టాడు. తర్వాతి నూరేళ్ళలో కలకత్తా సామ్రాజ్య రాజధానిగా పెరిగింది. బెంగాలీలు బలహీనులు, పిరికివాళ్ళు అనే ముద్రను పాలకులు వేశారు. దానికి జవాబుగా అఖాడాలు, వ్యాయామశాలలు పుట్టాయి. 1902లో ఏర్పడిన అనుశీలన్ సమితి ఈ వాతావరణంలోంచే వచ్చింది.

ఇక్కడ మనం గుర్తుపెట్టుకోవలసిన పేరు సరళాదేవి చౌధురాణి (1872–1945), రవీంద్రనాథ్ ఠాకూర్ మేనకోడలు. 'భారతి' పత్రికకు సంపాదకురాలిగా ఉంటూ, తెల్లవాడి గుద్దుకు దేశీ పిడిగుద్దుతో జవాబివ్వాలనే అర్థం వచ్చే శీర్షికతో వ్యాసం రాశారు. అంతటితో ఆగలేదు. అవమానం ఎదురైనప్పుడు తిరగబడినవాళ్ళు తమ అనుభవాలు రాసి పంపమని పాఠకులను అడిగి, వాటిని అచ్చువేశారు. ఈ రోజు మనం "మీ కథ పంచుకోండి" అంటున్నది ఇదే. తన ఇంటి ఆవరణలో కత్తిసాము, లాఠీ నేర్పే ఏర్పాటు చేశారు. 1903లో ప్రతాపాదిత్య ఉత్సవం, తర్వాత వీరాష్టమి ఉత్సవం జరిపించారు.

అంటే సందేశం, గురువు, స్థలం, పండుగ నాలుగూ ఒకచోట దొరికాయి. అందుకే యువకులు కదిలారు. కానీ గమనించండి: పిలిచింది స్త్రీ, వచ్చింది ఎక్కువగా మగపిల్లలు. స్త్రీకి ఆ దృశ్యంలో దొరికిన పాత్ర రాఖీ కట్టి, దీవించి పంపే శక్తిస్వరూపిణిది.

1920లు: ఆడపిల్లలే మైదానంలోకి

ఈ లోటు పూడ్చే పని రెండు దశాబ్దాల తర్వాత జరిగింది. 1923లో ఢాకాలో లీలా నాగ్ దీపాలీ సంఘం స్థాపించారు. బాలికలకు చదువుతో పాటు శారీరక శిక్షణ కూడా దాని పనిలో భాగమైంది. 1928లో కలకత్తాలో ఛాత్రీ సంఘం వచ్చింది. కల్యాణీ దాస్, ఆమె చెల్లెలు బీనా దాస్ వంటి విద్యార్థినులు అందులో ఉన్నారు. లాఠీ, ఈత, సైకిలు నేర్పేవారు. ప్రిలిమ్స్‌కి గుర్తుంచుకోండి: 1932 ఫిబ్రవరిలో స్నాతకోత్సవంలో గవర్నర్ స్టాన్లీ జాక్సన్‌పై కాల్పులు జరిపింది ఈ బీనా దాసే.

నాకు అన్నింటికంటే ఎక్కువ నేర్పిన ఘట్టం 1928 డిసెంబరు కలకత్తా కాంగ్రెస్. సుభాష్ చంద్రబోస్ కోరిక మీద లతికా ఘోష్ మహిళా వాలంటీర్ల దళాన్ని తయారుచేశారు. సుమారు 300 మంది అమ్మాయిలు యూనిఫాంలో వీధుల్లో కవాతు చేశారు. కరపత్రం వేసి "రండి" అంటే ఈ సంఖ్య వచ్చేది కాదు. కుటుంబాలకు రెండు భయాలు ఉండేవి: దుస్తులు, రాత్రి బస. లతిక రెండింటికీ ముందే సమాధానం చెప్పారు. ప్యాంట్లు కాదు, చీరలే కడతారు. రాత్రి శిబిరంలో ఉండరు, ఇళ్ళకు వెళ్ళిపోతారు. ఈ హామీతో తల్లిదండ్రులు ఒప్పుకున్నారు.

ఇది రాజీ అని విమర్శించవచ్చు, ఆ విమర్శలో నిజం ఉంది కూడా. అయినా ఒక సంగతి కాదనలేం. అమ్మాయిలను "ధైర్యం తెచ్చుకో" అనడంతో సరిపెట్టకుండా, వాళ్ళను ఆపుతున్నది ఏమిటో కనుక్కుని దాన్ని తొలగించే పని ఆమె చేశారు.

మన తెలుగు నేల మీద

అదే 1928లో మద్రాసులో డాక్టర్ కె.ఎన్. కేసరి 'గృహలక్ష్మి' మాసపత్రిక ప్రారంభించారు. ఆయన ఆయుర్వేద వైద్యులు, స్త్రీల కోసం తయారుచేసిన 'లోధ్ర' మందుతో పేరు, డబ్బు సంపాదించినవారు. పోస్టులో నెలనెలా వచ్చే పత్రిక, గడప దాటని స్త్రీకి బయటి ప్రపంచం మాటను చేరవేసింది. ఆనాటికి అది చిన్న సంగతి కాదు. కానీ పత్రిక ఇంట్లోకి వస్తుంది. ఆమెను ఇంట్లోంచి బయటికి తీసుకెళ్ళాలంటే మరొకటి కావాలి. చదువు రానివాళ్ళకు ఆ పత్రిక కూడా ఎవరో చదివి వినిపించాల్సిందే. ఈ రెండు పరిమితులూ మన ఫోన్ కాలంలో మళ్ళీ ఎదురవుతాయి.

హుగ్లీ నుంచి ఇంగ్లిష్ ఛానల్ దాకా, రింగ్ దాకా

స్వాతంత్ర్యం తర్వాత కలకత్తా ఇచ్చిన గొప్ప ఉదాహరణ ఆరతీ సాహా. చిన్నప్పుడు హుగ్లీ ఘాట్‌లో ఈత నేర్చుకుని, హట్‌ఖోలా స్విమ్మింగ్ క్లబ్బులో సచిన్ నాగ్ శిక్షణలో ఎదిగారు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో పాల్గొన్నారు. 1959 ఆగస్టులో ఇంగ్లిష్ ఛానల్ ఈదబోయి విఫలమయ్యారు. నెల తిరగ్గానే, సెప్టెంబరు 29న, ఛానల్ ఈదిన తొలి ఆసియా మహిళ అయ్యారు. 1960లో పద్మశ్రీ వచ్చింది. ఈ విజయం వెనక ఇంటికి దగ్గరలో ఒక ఘాట్, ఒక క్లబ్బు, ఒక గురువు ఉన్నారు.

మా వాట్‌గంజ్‌కు ఆనుకుని ఉన్న ఖిదిర్‌పూర్ కథ ఇంకా దగ్గరిది. ఇది ముస్లిం కుటుంబాలు ఎక్కువగా ఉండే రేవు పేట. ఇక్కడి ఖిదిర్‌పూర్ స్కూల్ ఆఫ్ ఫిజికల్ కల్చర్‌లో 1990ల చివరి నుంచి అమ్మాయిలు బాక్సింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టారు. వారిలో రజియా షబ్నమ్ ఆ తర్వాత కోచ్ అయ్యారు, అంతర్జాతీయ రిఫరీ అయ్యారు. దేశంలో ఆ దారిలో నడిచిన తొలితరం మహిళల్లో ఆమె ఒకరు. తర్వాత పేటలోని ఆడపిల్లలకు నేర్పారు. 'బుర్ఖా బాక్సర్స్' డాక్యుమెంటరీ ఈ అమ్మాయిల గురించే. మహిళల బాక్సింగ్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది 2012లో అన్నది గుర్తుంచుకుంటే, ఈ పేట ఎంత ముందుందో అర్థమవుతుంది.

ఆ అమ్మాయిల చేతుల్లో అప్పుడు స్మార్ట్‌ఫోన్ లేదు. ఒక అమ్మాయి గ్లవ్స్ పట్టుకుని సందులోంచి వెళ్తుంటే ఇంకో అమ్మాయి చూసింది. నా దృష్టిలో అంతకంటే బలమైన మెసేజ్ లేదు. మన నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆమెను మైదానానికి తీసుకెళ్ళింది కూడా స్వయంగా క్రీడాకారుడైన తండ్రే.

ఇక ఫోన్ సంగతి

అయితే ఫోన్ మెసేజ్‌లు దండగా? కాదు. రుజువు మన దేశంలోనే ఉంది. చెన్నైకి చెందిన డాక్టర్ అంబాడి రామచంద్రన్ బృందం 2013లో ప్రచురించిన పరీక్షలో, షుగర్ వచ్చే ప్రమాదం ఉన్న 537 మందిని రెండు వర్గాలుగా చేశారు. ఒక వర్గానికి ఆహారం, వ్యాయామం గురించి క్రమం తప్పకుండా ఎస్సెమ్మెస్‌లు పంపారు. రెండేళ్ళలో మెసేజ్‌లు అందినవారిలో 18 శాతానికి, అందనివారిలో 27 శాతానికి షుగర్ వచ్చింది. ఖర్చుతో పోలిస్తే ఇది పెద్ద ఫలితం. కానీ ఆ 537 మందీ ఉద్యోగాలు చేసే మగవాళ్ళు. సరళాదేవి అఖాడా నాటి బొమ్మే మళ్ళీ కనిపించింది నాకు. ఈ ఫలితాన్ని అలాగే తెచ్చి మా అమ్మకు వర్తింపజేయలేం.

ఎందుకంటే ముందు ఫోన్ ఎవరి చేతిలో ఉందో చూడాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019–21) ప్రకారం తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఉన్న మహిళలు 54 శాతమే. అంతకుముందు సర్వేలో 46 శాతం. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు 33 శాతం, పురుషులు 57 శాతం. ఈ సంగతి తెలిసే 2016లో కేంద్రం ప్రారంభించిన 'కిల్కారీ' పథకం గర్భిణులకు, బాలింతలకు అక్షరాలు కాకుండా వారానికో గొంతు సందేశం పంపుతోంది. 'గృహలక్ష్మి' నాటి చదువు సమస్యకు ఇది ఒక జవాబు. అయినా ఆ ఫోన్ భర్త జేబులో ఉంటే ఆ గొంతు కూడా ఆమెకు వినపడదు.

సోషల్ మీడియాకు తరచూ చెప్పే ఉదాహరణ ఇంగ్లాండ్‌లో 2015లో మొదలైన 'దిస్ గర్ల్ కెన్'. మోడల్స్‌ని కాకుండా చెమటలు కక్కే మామూలు ఆడవాళ్ళను చూపించారు. నలుగురూ చూసి ఏమనుకుంటారో అన్న భయాన్నే లక్ష్యంగా పెట్టుకున్నారు. దాని వల్ల కదిలామని చెప్పిన మహిళలు 28 లక్షలని నిర్వాహక సంస్థ లెక్క. ఇది వాళ్ళు తమ గురించి తాము చెప్పిన లెక్క అన్నది జవాబులో తప్పక రాయండి. ఇంకో తేడా కూడా ఉంది: అక్కడ అడ్డుగా గుర్తించింది సంకోచాన్ని. ఇక్కడ సంకోచంతో పాటు స్థలం, సమయం, ఫోన్, అనుమతి అన్నీ అడ్డే.

చరిత్ర చెప్పేది

నూరేళ్ళ ఉదాహరణలు పక్కపక్కన పెడితే ఒక విషయం తేలుతుంది. సందేశం తెలియజేస్తుంది, గుర్తుచేస్తుంది, "నువ్వొక్కదానివే కాదు" అంటుంది. ఆ పని పత్రిక చేసినా ఫోన్ చేసినా విలువైనదే. కానీ స్త్రీ గడప దాటిన ప్రతిచోటా సందేశం వెనక మూడు కనిపిస్తాయి: వెళ్ళడానికి దగ్గరలో ఒక చోటు, తోడుగా తెలిసిన మనిషి, ఇంటి నుంచి దక్కిన సమయం. ఈ మూడూ లేనిచోట మెసేజ్ ఒట్టి సలహా. పాటించలేని సలహా రోజూ వస్తుంటే, తప్పంతా తనదే అన్న భావన ఒక్కటే ఆమెకు మిగులుతుంది.

కాబట్టి విధానపరంగా చూస్తే, మెసేజ్ పథకానికి పెట్టే డబ్బు పక్కనే పార్కులో దీపానికీ, కాలిబాటకీ, మహిళల మరుగుదొడ్డికీ డబ్బు పెట్టాలి. పంపే పేరు కూడా తెలియని నంబర్ కాకూడదు. ఆశా కార్యకర్తో, స్వయం సహాయక సంఘం సభ్యురాలో అయితే ఆ సందేశం పిలుపు అవుతుంది.

చివరిగా అమ్మ సంగతి. ఉదయం మెసేజ్ ఆపేశాను. క్యారియర్ కట్టే పని నేను తీసుకున్నాను. కింది పోర్షన్‌లో ఉండే బెంగాలీ కాకిమాకి కూడా డాక్టరు నడవమనే చెప్పారట. ఇప్పుడు ఆవిడ ఆరింటికి మెట్ల దగ్గర నిలబడి "దీదీ!" అని కేక వేస్తుంది. ఇద్దరూ వంతెన దాటి, లారీలు తక్కువగా ఉండే హేస్టింగ్స్ వైపు వెళ్ళి వస్తున్నారు. వాన పడిన రోజు మాత్రం ఆ కేక రాదు, దాని బదులు కాకిమా మెసేజ్ వస్తుంది: రేపు వెళ్దాం అని. అమ్మ ఆ ఒక్క మెసేజ్‌కి మాత్రం వెంటనే జవాబిస్తుంది.

సాధన ప్రశ్న: "మహిళల ఆరోగ్య ప్రచారంలో మాధ్యమం కంటే మహిళ ఉన్న పరిస్థితులే ఫలితాన్ని నిర్ణయిస్తాయి." 20వ శతాబ్దపు బెంగాల్ ఉదాహరణలతో, నేటి డిజిటల్ పథకాలతో పోల్చి చర్చించండి. (250 పదాలు)