తుపాకి ఎవరిది? పూచీ ఎవరిది?

కార్ఖానా ఆవరణలో తుపాకి పేలితే అందుకు యజమాని ఎంతవరకు బాధ్యుడు? యిది వకీళ్లు తేల్చుకోవలసిన ప్రశ్న అని కొందరంటారు. దీని మూలాలు కార్మికోద్యమ చరిత్రలో వున్నాయని నేననుకుంటాను.

1892 జూలై 6న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, హోంస్టెడ్ ఉక్కు కర్మాగారానికి 300 మంది పింకర్టన్ కాపలాదార్లు పడవలమీద వచ్చారు. కార్నెగీ కంపెనీ తరఫున వారిని కిరాయికి రప్పించినవాడు హెన్రీ ఫ్రిక్. వారికోసం వించెస్టర్ రైఫిళ్లు కూడా పడవల్లోనే వచ్చాయి. కార్మికులు నది ఒడ్డున ఎదిరించారు. యిరుపక్షాలా కలిపి కనీసం పదిమంది చనిపోయారు. చనిపోయిన పింకర్టన్ మనుషులు కూడా కూలికి వచ్చినవారేనన్న సంగతి మనం మరువరాదు. తర్వాత సమ్మె నాయకులమీద హత్యానేరంతోపాటు రాజద్రోహం కూడా మోపారు; జూరీలు వారిని శిక్షించ నిరాకరించాయి. కంపెనీ అధికారుల్లో ఒక్కరికీ శిక్ష పడలేదు.

పింకర్టన్ మనుషుల్ని ప్రభుత్వం కొలువులో పెట్టుకోరాదని 1893లో అమెరికన్ కాంగ్రెసు శాసించింది. కంపెనీలు పెట్టుకోరాదని మాత్రం అనలేదు! 1936లో ఏర్పడిన లాఫోలెట్ ఉపసంఘం విచారించేసరికి, పెద్ద కంపెనీలు తుపాకులూ బాష్పవాయువూ కొని నిలవ చేసుకుంటున్న సంగతి బయటపడింది.

తర్వాతి ఘట్టంలో తుపాకి చేతులు మారింది. 2002లో ఓక్లహోమా రాష్ట్రంలోని ఒక కాగితపు మిల్లు, కార్లలో తుపాకులున్నాయని పలువురు కార్మికుల్ని తొలగించింది. తాళం వేసిన కారులో తుపాకి వుంచుకోవడాన్ని యజమాని నిషేధించరాదని 2004లో ఆ రాష్ట్రం చట్టం చేసింది. పనిచోట ప్రాణాపాయం లేకుండా చూడడం యజమాని విధి అన్న 1970 నాటి కేంద్ర చట్టానికి యిది విరుద్ధమని 2007లో ఒక న్యాయస్థానం అన్నది. 2009లో అప్పీలు కోర్టు ఆ తీర్పును రద్దుచేసింది.

యిది కార్మికుడి విజయమని మొదట నాకూ తోచింది. కాని ఆ చట్టంలోనే యింకొక నిబంధన వుంది: అలా దాచిన తుపాకివల్ల జరిగినదానికి యజమానిమీద నష్టపరిహారపు దావా చెల్లదు. హక్కు యిచ్చిన చేత్తోనే పూచీని తీసివేశారు. హోంస్టెడ్ కార్మికులు సమష్టిగా తమ పనిని కాపాడుకోజూశారు. కారులో ఒంటరిగా దాచిన తుపాకి దేనిని కాపాడుతుంది? అది పేలితే తగిలేది పక్కన పనిచేసే తోటివాడికే.

తుపాకి ఎవరి చేతిలో వున్నా, పనిచోటు యజమానిది, లాభమూ అతనిదే. పూచీ కూడా అతనిమీదనే వుండాలని కార్మికవర్గం కోరవలసి వున్నది.