తల్లి మీద మోపిన నేరం



మూడేళ్ళు నిండినా బిడ్డ పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. బొమ్మబండిని తలకిందులు చేసి చక్రం తిప్పుకుంటూ గంటల తరబడి కూర్చుంటాడు. చుట్టుపక్కల వాళ్ళు ఏమంటారో మీకు తెలియనిది కాదు. "తల్లి దగ్గరకు తీసి పెంచలేదు" అంటారు. ఈ నింద చదువురాని వాళ్ళదే అనుకుంటాం. కాదండీ, పెద్దపెద్ద వైద్యులే ఒకప్పుడు దానికి ముద్ర వేశారు.

1943లో అమెరికాలోని బాల్టిమోర్‌లో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు 11 మంది పిల్లల గురించి ఒక వ్యాసం రాశారు. ఆటిజం అన్న మాట లోకానికి తెలియడానికి ఆ వ్యాసమే ముఖ్యకారణం. ఇది పుట్టుకతో వచ్చేదేనని దాని చివర ఆయనే అన్నారు. కానీ ఈ పిల్లల తల్లిదండ్రుల్లో ఆప్యాయత గలవారు తక్కువ అనీ అందులోనే రాశారు. మొదటి పిల్లవాడి తండ్రి కొడుకు సంగతులన్నీ 33 పేజీలు టైపు చేసి పంపారు. మనకైతే అది బిడ్డ మీద బెంగ. కానర్ గారికి అతి పట్టింపుగా తోచింది! 1949లో ఆయన, ఈ పిల్లలు మంచు కరగని రిఫ్రిజిరేటర్లలో పెరిగినట్టు పెరిగారన్నారు. 'రిఫ్రిజిరేటర్ తల్లి' అన్న మాట ఆ పోలికతోనే వాడుకలోకి వచ్చింది.

షికాగోలో బ్రూనో బెటిల్‌హైమ్ ఇంకా ముందుకు పోయారు. హిట్లర్ నిర్బంధ శిబిరాల్లో మగ్గి బయటపడ్డ మనిషి ఆయన. 1967లో అచ్చయిన పుస్తకంలో ఆ ఖైదీలతో ఈ పిల్లలను పోల్చారు. అంటే ఇల్లే చెరసాల అన్నమాట. మరి తల్లి ఏమైనట్టు?

దానికి మూడేళ్ళ ముందే ఒక తండ్రి జవాబు రాసి ఉంచాడు. ఆయన బెర్నార్డ్ రిమ్లాండ్, అమెరికా నౌకాదళంలో మనస్తత్వ శాస్త్రవేత్త. కొడుకు 1956లో పుట్టాడు. ఇలాంటి పిల్లల గురించి కాలేజీ పుస్తకంలో చదివానని గుర్తు చేసుకున్నది ఆయన భార్య. దొరికిన పరిశోధనంతా చదివి, తల్లి తప్పనేందుకు రుజువు లేదని 1964లో పుస్తకం రాశాడు. ముందుమాట రాసింది ఎవరనుకున్నారు? కానర్ గారే! 1969లో తల్లిదండ్రుల సభలో లేచి, మీరు నిర్దోషులని చెప్పిందీ ఆయనే. పాతికేళ్ళు పట్టింది ఆ మాటకు.

1977లో సూసన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రట్టర్ అనేవారు 21 జతల కవలలను పరిశీలించారు. ఒకే పిండం రెండుగా చీలి పుట్టిన 11 జతల్లో నాలుగింట ఇద్దరికీ ఆటిజం ఉంది. వేరువేరు పిండాలుగా పుట్టిన 10 జతల్లో ఒక్క జతలోనూ ఇద్దరికీ లేదు. పెంపకం ఇద్దరికీ ఒకటే కదా. అయినా ఇంత తేడా వచ్చిందంటే, మూలం పుట్టుకలోనే ఉందన్నమాట.

మన సరిహద్దు జిల్లాల తల్లికి ఇంకో నింద కూడా ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో. "రెండు భాషలతో బిడ్డకు మాట రాకుండా చేశావు, తెలుగు మానెయ్యి" అంటారు. ఆటిజం ఉన్న పిల్లల మీద ఈమధ్య జరిగిన పరిశోధనల్లో, రెండు భాషలు వినడం వల్ల వాళ్ళ మాట వెనకబడుతుందని తేలలేదు. బిడ్డను డాక్టరుకు చూపించండమ్మా, ఆలస్యం చేయకండి. ఇంటికి వచ్చాక మాత్రం మీకు వచ్చిన తెలుగులోనే మాట్లాడండి.