ఒంగోలు కొండ మీద ఐదుగురు

ప్రార్థన ఫలించిందో లేదో ఎలా తెలుస్తుంది? అడిగింది దొరికితే ఫలించినట్టు, దొరక్కపోతే లేనట్టు. మామూలుగా నడిచే లెక్క ఇదే. ఒంగోలు చరిత్ర చదువుతున్నకొద్దీ ఈ లెక్క చాలదని నాకు అనిపిస్తూ వచ్చింది.

1854 జనవరి 1. తెల్లవారుజామునే ఐదుగురు మనుషులు ఒంగోలు కొండ ఎక్కారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జువెట్, ఆయన భార్య, మరో ముగ్గురు తెలుగు క్రైస్తవులు. ఆ ముగ్గురిలో ఒకరు నెల్లూరు జూలియా. 1836లో మొదలైన వాళ్ళ మిషన్‌కి అప్పటికి వచ్చిన ఫలితం చాలా కొద్ది. మూసేస్తే పోలేదా అని అమెరికాలో చర్చలు కూడా నడిచాయి. కొండ మీద ఒకరి తర్వాత ఒకరు ప్రార్థించారు. అందరూ అడిగింది ఒకటే: ఒంగోలుకి ఒక మనిషిని పంపమని.

ఆ మనిషి, జాన్ క్లౌ, ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. అంటే పన్నెండేళ్ళకి. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ప్రసంగాల్లో ఈ కథ కొండ మీంచి ఏటి ఒడ్డుకి ఒక్క గెంతులో దిగిపోతుంది. చరిత్రకారులేమో కరువు, కులం అని కారణాలు చూపిస్తారు. రెండూ తీసిపారేయాల్సిన మాటలు కావు. నాకు మాత్రం మధ్యలో గడిచిన ఆ 24 ఏళ్ళ మీదే ఆసక్తి. ప్రార్థన ఒక జీవితంగా మారింది అక్కడే.

ముందు ఎర్రగుంట్ల పేరయ్య సంగతి. తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ. క్రైస్తవుడు కాకముందే ఒక స్త్రీ గురువు దగ్గర యోగం నేర్చుకున్నాడు. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో వెలువరించిన 'వైల్ సూయింగ్ శాండల్స్' అనే పుస్తకంలో ఈ వివరాలున్నాయి. కళ్ళు మూసుకుని, మనసు నిలిపి కూర్చోవడం అతనికి దొరలు నేర్పిన విద్య కాదు. ఆ సాధన అతనికి ముందునుంచీ ఉంది. బాప్తిస్మం తర్వాత ఊరూరూ తిరిగి తనవాళ్ళకి చెప్పుకున్నాడు. ఈ కథలో పేరయ్యని పక్కనపెట్టి క్లౌ ఒక్కడి గురించే మాట్లాడితే సగం వదిలేసినట్టే.

తర్వాత ఒక సందిగ్ధం. ఒంగోలులో బ్రాహ్మణులు కొందరు క్రైస్తవం వైపు మొగ్గుతున్నారు. మాదిగల్ని చేర్చుకుంటే తాము రామని చెప్పేశారు. క్లౌ ఒక గదిలో, ఆయన భార్య ఇంకో గదిలో ప్రార్థనకి కూర్చున్నారు. ఇద్దరూ విడివిడిగా బైబిల్ తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రికలోని ఒకే చోటు కనబడిందట. లోకం తక్కువగా చూసేవాళ్ళని దేవుడు ఎన్నుకున్నాడని చెప్పే చోటు. ఇది క్లౌ చెప్పుకున్న సంగతి, నమ్మడం నమ్మకపోవడం మన ఇష్టం. ఆ తర్వాత వాళ్ళేం చేశారన్నది మాత్రం చరిత్ర. మాదిగల్ని చేర్చుకున్నారు. పెద్ద కులాలవాళ్ళు దూరమయ్యారు. మనుషుల్ని పంపమని అడిగినవాళ్ళకి, వచ్చిన మనుషుల్ని కాదనే హక్కు లేకుండా పోయింది.

1876లో కరువు మొదలైంది. క్లౌ బకింగ్‌హాం కాలువలో సుమారు 3.5 మైళ్ళ తవ్వకాన్ని కాంట్రాక్టుకి తీసుకుని పని ఇప్పించాడు. బోధకులే మేస్త్రీలు. మధ్యాహ్నం పని ఆగినప్పుడు కూలీలతో కూర్చుని మాట్లాడేవాళ్ళు. బాప్తిస్మం ఇమ్మని జనం అడుగుతున్నా, క్లౌ పదిహేను నెలలపాటు ఇవ్వలేదు. కూటి కోసం మతం మారారన్న మాట రాకూడదనీ, అన్నానికి ప్రార్థన ధర కాకూడదనీ. సాయం నిలిపేశాకే గుండ్లకమ్మ దగ్గర నీళ్ళలోకి దిగారు. అంతమాత్రాన ఆకలి ప్రభావం ఏమీ లేదని నేననను. కానీ బేరం కుదిరే రోజుల్లోనే బేరం మానుకోవడానికి గట్టి అలవాటే కావాలి.

ప్రార్థనా జీవితం ఎలా పెంచుకోవాలని అడిగే మిత్రులకి నేను చెప్పగలిగింది ఇంతే. నలుగురు కలిసి అడగడం, ఫలానాదని స్పష్టంగా అడగడం, ఏళ్ళు పట్టినా ఓపిక పట్టడం ఆ కొండ నేర్పిన పాఠాలు. అంతకంటే కష్టమైనది కొండ దిగాక మొదలైంది. వీసా, సీటు, ఉద్యోగం అడగడంలో తప్పేం లేదు. అడిగి లేచాక, ఇప్పుడు నన్నేం అడుగుతున్నారు, ఎవరిని నా పక్కన కూర్చోబెట్టుకోమంటున్నారు అని కూడా వినాలి. ఒంగోలులో ఆ రెండో ప్రశ్నకి జవాబు చెప్పాల్సివచ్చింది దేవుడు కాదు, ప్రార్థించినవాళ్ళే.