మహమ్మారి కాలంలో క్యాన్సర్ రోగులు: తెగిన దారి, ఆగిన చికిత్స (2020–2022)

మహమ్మారుల చరిత్రను మనం సాధారణంగా ఆ వ్యాధి సోకినవారి చరిత్రగానే చదువుతాం. ఎంతమందికి సోకింది, ఎంతమంది మరణించారు, ప్రభుత్వం ఏ చర్యలు తీసుకుంది అన్న అంశాలే ముందుకు వస్తాయి. ఈ పాఠ్యభాగంలో మీరు మరొక వర్గాన్ని పరిశీలిస్తారు. వీరు కోవిడ్ సోకకపోయినా దాని దెబ్బ తిన్నవారు. 2020 మార్చి నాటికి క్యాన్సర్ చికిత్స సగంలో ఉన్నవారు, ఒంట్లో గడ్డ తగిలి పరీక్ష చేయించుకుందామని అనుకుంటున్నవారు ఈ వర్గంలోకి వస్తారు.

1918 ఇన్‌ఫ్లూయెంజా మహమ్మారి నాడు మన దేశంలో ఈ సమస్య దాదాపు లేదనే చెప్పాలి. క్యాన్సర్ అప్పుడూ ఉంది. నెలల తరబడి సాగే చికిత్స మాత్రం సామాన్యుడికి అందుబాటులో లేదు. ఎక్స్-కిరణాలను 1895లో, రేడియంను 1898లో కనుగొన్నారు. క్యాన్సర్‌కు నేటి అర్థంలో మందులతో చేసే చికిత్స, అంటే కీమోథెరపీ, 1940లలో మొదలైంది. ముంబయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి 1941లో ప్రారంభమైంది. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి 1950లలో వచ్చింది. ఆ తరువాతే మన ప్రాంతంలో క్యాన్సర్ పదేపదే ఆసుపత్రికి వెళ్లి రావలసిన జబ్బుగా మారింది.

ఈ వెళ్లిరావడాన్ని కొంచెం దగ్గరగా చూడండి. కీమో సాధారణంగా రెండు మూడు వారాలకొకసారి ఇస్తారు. పల్లెల్లో చాలామంది ‘కరెంటు పెట్టించుకోవడం’ అని పిలిచే రేడియేషన్ అయితే వారానికి ఐదు రోజుల చొప్పున ఐదారు వారాలు సాగుతుంది. మధ్యలో ఎక్కువ రోజులు ఆగితే ఫలితం దెబ్బతింటుంది. యంత్రాలు, నిపుణులు ఎక్కువగా నగరాల్లోనే ఉన్నారు. అందుకే ఆదిలాబాద్ నుంచి హైదరాబాదుకు, అనంతపురం నుంచి బెంగళూరుకు, చిత్తూరు నుంచి వేలూరుకు రోగులు వెళ్తుంటారు. వెంట ఒక మనిషి, అక్కడ ఉండటానికి ఒక గది, తినడానికి తిండి, ఆ రోజులకు పోయే కూలి డబ్బులు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. మందు ఎంత అవసరమో బస్సూ అంతే అవసరం.

2020 మార్చిలో తెగింది ఈ దారే. మార్చి 20 నుంచి రైల్వేశాఖ చాలా వర్గాల ఛార్జీ రాయితీలను నిలిపివేసింది. విద్యార్థులకు, దివ్యాంగులకు, రోగులకు మాత్రం రాయితీని ఉంచింది. రెండు రోజులకే ప్రయాణికుల రైళ్లన్నీ ఆగిపోయాయి. క్యాన్సర్ రోగికి రాయితీ మిగిలింది, ఎక్కడానికి రైలు మిగల్లేదు. మార్చి 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్ అమలైంది. అత్యవసర వైద్యానికి మినహాయింపు ఉన్నా, సొంత వాహనం లేనివారికి ఆ మినహాయింపు కాగితం మీదిదే. టాటా మెమోరియల్ వైద్యులు సి.ఎస్. ప్రమేష్, ఆర్.ఎ. బద్వే అదే ఏడాది ఒక అంతర్జాతీయ వైద్య పత్రికలో, తమ సంస్థ క్యాన్సర్ సేవలను కొనసాగించాలని నిర్ణయించుకుందని రాశారు. ఆసుపత్రి తలుపు తెరిచి ఉంచడం ఒక ఎత్తు, ఆ తలుపు దాకా రోగి రావడం మరొక ఎత్తు.

రానివారు ఎందరు? నేషనల్ క్యాన్సర్ గ్రిడ్‌లోని 41 ఆసుపత్రుల వివరాలతో చేసిన అధ్యయనం 2021లో వెలువడింది. 2019 మార్చి–మే నెలల్లో ఆ ఆసుపత్రుల్లో 1,12,270 మంది కొత్త రోగులు నమోదయ్యారు. 2020లో అవే మూడు నెలల్లో నమోదైనవారు 51,760 మంది. అంటే 54 శాతం తగ్గుదల. పెద్ద శస్త్రచికిత్సలు 49 శాతం తగ్గాయి. రేడియేషన్ పొందినవారి సంఖ్య మాత్రం 23 శాతమే తగ్గింది. దీన్ని మీరు ఎలా అర్థం చేసుకుంటారు? మొదలైన రేడియేషన్‌ను మధ్యలో ఆపడం ప్రమాదమని వైద్యులకూ రోగులకూ తెలుసు కాబట్టి, ఎలాగోలా దాన్ని నడిపించారని ఈ రచయిత అభిప్రాయం. తగ్గిపోయిన ఆ అరవై వేల మందిలో ఎవరు వేరేచోట చూపించుకున్నారు, ఎవరు ఆలస్యంగా వచ్చారు, ఎవరు అసలు రాలేదు అన్నది ఈ అంకెలు చెప్పవు. ఆసుపత్రి రిజిస్టరు వచ్చినవారినే నమోదు చేస్తుంది. చరిత్ర విద్యార్థిగా మీరు గుర్తించవలసిన ఖాళీ ఇది.

రక్తం విషయం తరచుగా మరుగున పడుతుంది. రక్త క్యాన్సర్ రోగులకు ప్లేట్‌లెట్లు పదేపదే ఎక్కించాలి. వాటిని నిల్వ ఉంచగలిగేది సుమారు ఐదు రోజులే. రక్తదాన శిబిరాలు ఎక్కువగా కాలేజీల్లో, ఆఫీసుల్లో జరుగుతాయి. అవి మూతపడటంతో దాతలను వెతుక్కునే భారం కుటుంబాల మీద పడింది.

ఇంట్లో జీవితం కూడా మారింది. కీమో తీసుకునేవారికి మాస్కు, చేతులు కడుక్కోవడం, చుట్టాలను దూరంగా ఉంచడం కొత్తేమీ కాదు. అంతకుముందు వీధిలో తామొక్కరే మాస్కు పెట్టుకుని నడిచినవారు, ఇప్పుడు అందరి ముఖాలకూ మాస్కులు చూశారు. కష్టమంతా జ్వరంతో వచ్చింది. కీమో వల్ల తెల్ల రక్తకణాలు తగ్గిన మనిషికి జ్వరం వస్తే వెంటనే యాంటీబయోటిక్ పడాలి, గంటలు గడవకూడదు. 2020లో జ్వరం అనగానే అందరి అనుమానమూ కోవిడ్ మీదే. ముందు ఆ పరీక్ష, దాని ఫలితం, ఆ తరువాతే వార్డు అన్న పద్ధతి ఈ రోగులకు మరొక గండమైంది.

కొన్ని దారులు కొత్తగా తెరుచుకున్నాయి. ఫోనులో వైద్య సలహాకు కేంద్రం 2020 మార్చి 25న మార్గదర్శకాలు విడుదల చేసింది. ఊరు దాటకుండానే డాక్టరుతో మాట్లాడే వీలు చాలామందికి కలిగింది. అయితే మత్తుపదార్థాల చట్టం పరిధిలోని మందులను ఫోను ద్వారా రాయడాన్ని అవే మార్గదర్శకాలు నిషేధించాయి. మార్ఫిన్ ఆ కోవలోనిదే. అంటే చివరి దశలో నొప్పితో కదల్లేక, ఫోను సలహా అందరికంటే ఎక్కువ అవసరమైన రోగికే అది అక్కరకు రాలేదు. దుర్వినియోగాన్ని ఆపాలన్న ఉద్దేశం సరైనదే కావచ్చు, దాని ధర ఎవరు చెల్లించారో కూడా చూడాలి. రేడియేషన్‌లో రొమ్ము క్యాన్సర్‌కు మూడు వారాల బదులు ఒక్క వారంలో ఐదు విడతలు సరిపోతాయని బ్రిటన్‌లో జరిగిన పరిశోధన ఫలితాలు సరిగ్గా 2020 ఏప్రిల్‌లోనే వచ్చాయి. ప్రయాణాలు తగ్గించే పద్ధతి కనుక దానికి ఆ సమయంలో ఆదరణ పెరిగింది.

టీకా విషయానికి వస్తే, 2021 మార్చి 1న 60 ఏళ్లు దాటినవారితో పాటు, 45–59 ఏళ్ల వయసులో దీర్ఘవ్యాధులున్నవారికీ ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ జాబితాలో క్యాన్సర్ ఉంది. ముప్పై ఏళ్ల క్యాన్సర్ రోగి మాత్రం మే 1 వరకు, అంటే రెండో అల ఉధృతంగా ఉన్న రోజుల దాకా ఆగవలసి వచ్చింది.

అభ్యాసం

మీ ఊరిలో గాని, బంధువుల్లో గాని 2020 మార్చి–మే మధ్య క్యాన్సర్ చికిత్సలో ఉన్న ఒక కుటుంబాన్ని, వారి అనుమతితో కలవండి. పేర్లు రాయవద్దు. ఆసుపత్రి ఫైలులోని తేదీలను వరుసగా రాసుకోండి. ఏ రెండు తేదీల మధ్య ఎడం ఉండవలసినదానికంటే ఎక్కువగా ఉందో గుర్తించండి. ఆ రోజుల్లో ఏం జరిగిందో వారి మాటల్లోనే రెండు పేజీలు మించకుండా రాయండి.